వదినకి తెచ్చిన పుణ్యం

పొద్దున్నే లాండ్రీ షట్టరు ఎత్తడం మరిది పని. బల్ల తుడిచి, వచ్చిన బట్టలకి చీటీలు గుచ్చడం వదిన పని. వీధి మొత్తానికి ఆవిడ వదిన కాబట్టి, అతనికి మరిది అన్న పేరే ఖాయమైపోయింది. అన్న పోయాక షాపుని నిలబెట్టింది ఆవిడే. చీటీలు మాత్రం ఎడమ చేత్తో గుచ్చుతుంది. ఆవిరి ప్రెస్సు మూత మీద పడి కుడి చేతి వేళ్లు కర్రల్లా బిగుసుకుపోయి రెండేళ్లయింది. ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే, ఆవిడ నోరు తెరిచేలోపే మరిది అందుకునేవాడు. "పరధ్యానం అండీ!" వదిన చీటీలు సర్దుకుంటూ ఊరుకునేది.

మూత దానంతటదే దిగిపోతోందని వదిన ముందే చెప్పింది. స్ప్రింగు వదులైందని అతనికీ తెలుసు. వచ్చే వారం చూద్దాంలే అన్నాడు. అంతకన్నా పాడు సంగతి ఇంకొకటుంది. అప్పటికే వదిన పక్క వీధిలో గది చూసుకుంది. తన కుట్టుమిషను అక్కడ పెట్టుకుని తన బతుకు తను బతుకుతానంది. ఆ మూత పడి ఆవిడ కేక పెట్టినప్పుడు, నీళ్ల కోసం పరిగెత్తే ముందు, అతని మనసులో మొట్టమొదట మెదిలిన మాట, 'ఇక వెళ్లదు.' ఒక్క క్షణమే. కానీ ఆ తర్వాత ఏ పూటా అతనికి ముద్ద సరిగ్గా దిగలేదు.

అందుకే, మేడ మీద గదిలో ధ్యానం నేర్పే గురువుగారు శిష్యుల్ని బుద్ధుడు తిరిగిన చోట్లకి బస్సులో తీసుకెళ్తున్నారని తెలియగానే, అందరికన్నా ముందు పేరిచ్చాడు.

"నీ చేతి కోసం పుణ్యం తెస్తాను వదినా."

"తే. స్వెట్టరు మర్చిపోకు," అంది వదిన.

బుద్ధుడు పుట్టిన చోట చుట్టూ తిరిగి కూర్చోగానే, అందరి కుడి అరచేతుల్లోకీ పుణ్యం దిగింది. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా మడతలో చెయ్యి పెడితే ఎలా ఉంటుందో అలా వెచ్చగా ఉంది. గురువుగారు గబగబా పిడికిళ్లు మూయించారు.

"తెరిచి దేన్ని తాకితే దానికే పోతుంది, జాగ్రత్త! కిందటిసారి ఒకావిడ పట్టుకోసమని బస్సు సీటు మీద చెయ్యేసి మొత్తం దానికే ధారపోసింది."

ఆ సీటు ఇప్పటికీ పరుపులా ఉంటుందని డ్రైవరు చెప్పాడు. దాని కోసమే గురువుగారు రోజూ అందరికంటే ముందు బస్సెక్కేవారు.

ఇక ఆ బస్సులో డ్రైవరుకి తప్ప ఎవరికీ కుడి చెయ్యి లేదు. చొక్కా గుండీలు అతనే పెట్టాలి, సీసా మూతలు అతనే తియ్యాలి. పైగా గురువుగారికి జలుబు. "పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటే ఇదే," అని డ్రైవరు పొద్దున్నే గొణుక్కునేవాడు. మరిది చొక్కా గుండీ ఒకటి ఊడిపోయింది. ఎడమ చేత్తో సూదిలోకి దారం ఎక్కించబోయి, ఎక్కించలేక, గుండీ జేబులో వేసుకుని పిన్నీసు పెట్టించుకున్నాడు. వదిన ఈ రెండేళ్లూ జడ ఎలా వేసుకుంటోందో తను ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజంతా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు గానీ ఏమీ కనబడలేదు.

జ్ఞానం పొందిన చోట పిడికిలి ఇంకాస్త వేడెక్కింది. మొదటి బోధ చేసిన చోట బరువెక్కింది.

"మనసులో ముల్లున్నవాళ్లు సొంత గుండె మీద తెరుచుకోవచ్చు, ముల్లు కరిగిపోతుంది," అన్నారు గురువుగారు అందరితోనూ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మరిది ఉలిక్కిపడ్డాడు.

"అలా చేస్తే మరి ఇంటికి మిగలదా గురువుగారూ?"

"ఉన్నది పిడికెడే కదయ్యా!"

బుద్ధుడు కన్నుమూసిన చోట, పక్కకి తిరిగి పడుకున్న పెద్ద విగ్రహం ముందు అందరూ కళ్లు మూసుకుని కూర్చున్నారు. మరిది మూసుకోలేకపోయాడు. విగ్రహం కుడి చెయ్యి చెంప కింద ఉంది, వేళ్లు తీరుగా, హాయిగా. ఆ వేళ్లని చూస్తుంటే 'ఇక వెళ్లదు' అన్న మాట మళ్లీ చెవిలో వినిపించింది. ఇంక తట్టుకోలేక, పిడికిలి గుండెకి ఆనించుకుని చిటికెన వేలొక్కటి ఎత్తాడు. ఎంత హాయి! రెండేళ్ల తర్వాత ఊపిరి అడుగుదాకా వెళ్లింది. వెంటనే సిగ్గేసింది. వేలు మూసేసి తలెత్తితే, గురువుగారు ముక్కు తుడుచుకుంటూ అతన్నే చూస్తున్నారు. తిట్టినా బాగుండుననిపించింది.

ఇల్లు చేరేసరికి వదిన బల్ల తుడుస్తోంది. ఆవిడ చెయ్యి ఆ బల్ల మీదే పెట్టించి, పైన తన పిడికిలి ఉంచాడు. తెరిస్తే ఆవిడ వెళ్లిపోతుందని తెలుసు. కాసేపు అలాగే నిలబడి, తెరిచాడు.

బొటనవేలు కదిలింది. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు ఒక్కొక్కటీ వంగాయి. చిటికెన వేలు మాత్రం కర్రలాగే ఉండిపోయింది. వదిన ఆ వేలుని చూసి, అతని మొహం చూసింది.

"దారిలో ఒలికిందా?"

"లేదు వదినా. నేనే వాడుకున్నాను. కొంచెం."

"పోనీలే. సూదికి ఈ వేలుతో పనేముంది? గుండీ ఏది?"

జేబులోంచి తీసిచ్చాడు. వదిన రెండోసారికి దారం ఎక్కించింది. అతన్ని నిలబెట్టి, పిన్నీసు తీసి, గుండె మీదే కుట్టసాగింది.

"ప్రెస్సు స్ప్రింగు మార్పించావుగా?"

"మార్పించాను."

"ఎప్పుడు?"

"నీకు దెబ్బ తగిలిన మర్నాడే."

వదిన తలూపింది. చేతిలో సూది ఆగలేదు. చివర ముడివేసి, దారం పళ్లతో తెంపి, మూలనున్న కుట్టుమిషను మీద గుడ్డ తీసేసింది.

"అటువైపు పట్టుకో. బరువు."

ఇద్దరూ మోసుకుంటూ పక్క వీధిలోకి మళ్లారు. మరిది వెనక్కి నడుస్తున్నాడు. ఊపిరి మళ్లీ ఇరుకైపోయింది. పళ్ల బండి ఆవిడ చూసి సంబరపడింది.

"చెయ్యి బాగైందా వదినా! మళ్లీ పరధ్యానంగా ఉండకు తల్లీ!"

వదిన అలవాటుగా ఊరుకుంది. మరిది ఆగిపోయాడు. మిషను ఇద్దరి మధ్యా వేలాడింది.

"పరధ్యానం కాదండీ," అన్నాడు, వీధికంతా వినబడేలా. "స్ప్రింగు పాడైంది. వదిన చెప్పింది. నేనే బాగుచేయించలేదు."

పళ్ల బండి ఆవిడ చేతిలో పండు చేతిలోనే ఉండిపోయింది. వదిన అతన్ని కాసేపు చూసి, మిషను పట్టు సరిచేసుకుంది.

"నీ వెనక మెట్టుంది," అంది. "చూసుకుని నడువు."