ఎడమ పక్కన కూర్చునే మనిషి

“పెట్టెలు లాగి పెట్టేదానికి గూడా జీతమిస్తారా మే?” అని మా ఆయన హరికృష్ణ రోజుకొకసారైనా అంటాడు. చూసేవాళ్లకు అట్లే ఉంటుంది మరి. కంప్యూటర్ తెర మీద ఒక వారగా ఉన్న పెట్టెను పట్టి మధ్యలోకి లాగితే అదొక ప్రశ్నవుతుంది. పేరు, ఊరు, వయసు. కోడ్ రాసే పని లేదు. ఆఫీసువాళ్లకు కావలసిన సర్వే ఫారాలను హిందూపురంలో మా వంటింటి గట్టు మీదే తయారు చేస్తాను, ఒక కన్ను పొయ్యి మీద పెట్టి. నా డిగ్రీ కూడా ఇంటిపనుల్లో ఒక పనిగా కలిసిపోయింది.

ఈసారిది ధర్మవరం నేతపనివాళ్ల సర్వే. ఫారంలో నేసేవాళ్లుగా పేరు ఎక్కినవాళ్లకు నేతకార్డు వస్తుంది. మగ్గానికి ఒక పేరు చాలన్నాడు మా పై ఉద్యోగి ఉదయ్ కుమార్. నేనూ అట్లే చేశాను. మిగతా ఇంటివాళ్ల వృత్తికి ఒక జాబితా పెట్టాను: చదువు, కూలి, వ్యాపారం, గృహిణి. పుట్టింది మగ్గం ఉన్న ఇంట్లో, నాకు తెలియనిదేముందిలే అనుకున్నాను.

ఫారం పని చేస్తుందో లేదో చూడమని, ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసే రేష్మను ధర్మవరంలోని మా పుట్టింటికే పంపాను. చారులో ఉప్పు చూస్తుండగా ఫోన్ చేసింది.

“అక్కా, మీ నాయన పేరు ఎక్కింది. మీ అమ్మ కాడ నిలబడిపోయినా. వృత్తి ఏం నొక్కాల?”

“గృహిణి నొక్కు.”

“అట్లెట్లక్కా? ఆయమ్మ ఈడ మగ్గం కాడ కూచోనుండాదే!”

గరిటె చేతిలోనే ఉండిపోయింది. మగ్గం గుంతలో నాయన, ఎడమ పక్కన చిన్న పీట మీద అమ్మ. పెద్ద అంచు చీరకు నాయన ఒక పోగు వేస్తే, అంచు రంగు దారమున్న నాడెను అమ్మ తన పక్క నుంచి తొయ్యాలి. ఆమె నీళ్లు తాగడానికి లేస్తే మగ్గం ఆగిపోతుంది. జ్వరమొచ్చినా ఆ పీట ఖాళీగా ఉండడం నేను చూడలేదు. ఆ పీట పక్కనే పడుకుని పెరిగిన నేనే ఆమెను గృహిణి చేశాను.

“ఆమెదేముండాది పాపా, పక్కన కూచుంటాది అంతే. నా పేరుండాది కదా, చాల్లే” అని రేష్మతో నాయన అనడం వినిపించింది. అమ్మ నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. హరికృష్ణ పెట్టెల మాట ఎత్తినప్పుడు నేనూ అట్లే నవ్వుతాను.

పొయ్యి కట్టేసి ఫారం తెరిచాను. ‘పక్కన కూర్చుని అంచు నేసేవారి పేరు’ అని ఇంకొక పెట్టె లాగి పెట్టాను. అది నింపకపోతే ఫారం ముందుకు పోకుండా ఎర్ర చుక్క పెట్టాను.

మారిన ఫారం చూసి ఐదు నిమిషాల్లో ఉదయ్ కుమార్ ఫోన్ చేశాడు. “మేడం, ఒకే పేరు అనుకున్నాం కదా?”

“ఇద్దరిలో ఒకరు లేస్తే నడవని మగ్గం సార్ అది. ఒకే పేరు కావాలంటే ఇంకెవరితోనైనా చేయించుకోండి.”

“సరే, ఉండనీండి” అన్నాడు.

“కుళ్ళాయమ్మ... మీ అమ్మ పేరు ఎక్కిందక్కా!” అని రేష్మ మళ్లీ ఫోన్ చేసి అరిచింది. ఫోన్ అమ్మ చేతికి మారింది.

“మే హేమా, ఇంగేమన్నా అడిగేది ఉండాదా?”

ఆ గొంతులో అంత ఆత్రం ఎప్పుడూ వినలేదు. నన్ను చివరిసారి ఎవరేమడిగారో గుర్తు చేసుకున్నాను. కందిపప్పు అయిపోయిందా అని.

“నీకేం కావాలమ్మా?” అన్నాను.

మగ్గం చప్పుడు లేదు. ఆమె లేచి వచ్చింది కదా, నాయన కూడా ఆగిపోయి ఉంటాడు.

“ఒక్క చీరన్నా నడిమధ్యన కూచోని నేయాలని ఉండాది మే. పెండ్లయి వచ్చినప్పటి నుంచీ. అది రాసేకి చోటుండాదా మీ దాంట్లో?”

“అన్నం పెడతావా లేదా?” అని హరికృష్ణ గదిలోంచి కేకేశాడు.

“గిన్నెలు ఈడనే ఉండాయి, పెట్టుకో” అన్నాను.

ఫారం చివర ఇంకొక పెట్టె లాగాను, అన్నిటికంటే పెద్దది. ఎన్ని అక్షరాల వరకు రాయనివ్వాలి అని కంప్యూటర్ అడిగింది. అక్కడ ఏ అంకెనూ వేయలేదు.