దిబ్బ మీద పలికిన పేరు

సభకు హాజరైనవారు, కూర్చున్న క్రమంలో: అధ్యక్షస్థానంలో విశ్రాంత గణితోపాధ్యాయుడు శేషాచలం అను నేను, నా కుడివైపున మిర్చి రైతు ప్రసన్నకుమార్, ఎడమవైపున మరో రైతు అల్లాబక్షు. పొక్లెయిన్ నడిపే సిలార్ ఇంజన్ ఆపకుండా యంత్రం మీదే ఉన్నాడు. యానాది చెంచమ్మ పిలవకుండానే వచ్చి దిబ్బ మీద నిలబడింది. ఆమెను నేను హాజరుపట్టీలో చేర్చలేదు.

చిలకలూరిపేటకు ఆమడ దూరంలోని మా ఊరి చివర ఉన్నది ఆ దిబ్బ. దాన్ని చదునుచేసి మిర్చి ఆరబోసే కళ్ళంగా మార్చాలన్నది తీర్మానం. యానాదులు తమవారిని పూడ్చుకునేది అక్కడేనని ఊరందరికీ తెలుసు. అయినా ‘ఎవరికీ చెందని మిట్ట’ అని రాసినవాణ్ణి నేనే. నా సంతకమొక్కటే మిగిలింది. కలం మూత తీస్తున్నాను, మళ్ళీ పెడుతున్నాను.

“మబ్బు కమ్ముకొస్తోంది మాస్టారూ,” అన్నాడు ప్రసన్నకుమార్. “చినుకు పడిందంటే కాయంతా తాలైపోద్ది. కానివ్వండి.”

“పెర్త్‌లో ఇట్టాగే ఆలోచించేవాళ్ళా సంతకానికి?” అల్లాబక్షు నవ్వాడు.

పెర్త్ నగరంలో నేను తొమ్మిదేళ్ళు బోధించాను. అక్కడి పాఠశాలలో ఏ సభైనా, ఆ నేల తొలి వాసులైన నూంగార్ ప్రజలను, గతించిన వారి పెద్దలను స్మరించాకే మొదలయ్యేది. నేను తల వంచి నిలబడేవాణ్ణి. ఆ పేరు తప్పు పలకరాదని పట్టుబట్టి సాధన చేశాను. తోటి ఉపాధ్యాయుల ఉచ్చారణను సవరించాను కూడా. తిరిగివచ్చాక ఆ ఆచారం ఔన్నత్యాన్ని గురించి మా ఊరి బడిలో గంటసేపు ఉపన్యసించాను.

చెంచమ్మ దిబ్బ దిగలేదు.

“పంతులయ్యా, మీ చేలో పందికొక్కుల్ని పట్టింది మా ఆయనే గదా. ఇప్పుడాయన్నే పందికొక్కులాగా తవ్వి తీస్తారా?”

“ఏయ్, దిగు ముందు!” ప్రసన్నకుమార్ అరిచాడు. “రికార్డులో ఎవరి పేరూ లేదక్కడ.”

“పేరు లేకపోడమేంది? మొగుడి పేరు నా నోటితో నేను చెప్పకూడదు. పంతులయ్యకి తెలవదా? ఇరవయ్యేళ్ళు ఆయన చేలోనే గదా చేశాడు! చెప్పు పంతులయ్యా. చెప్పి సంతకం పెట్టు.”

నేను నోరు తెరిచాను. ఆ మనిషిని పిలవవలసి వచ్చినప్పుడల్లా ‘ఒరేయ్ యానాదోడా’ అనే పిలిచాను. పేరు రాలేదు. నూంగార్ అన్న మాట మాత్రం నిర్దుష్టంగా నాలుక మీదికి వచ్చింది.

ఇంజన్ ఆగింది. సిలార్ దిగాడు, చెప్పులు విడిచాడు, దిబ్బ ఎక్కాడు.

“పోలయ్య మావ,” అన్నాడు. “కాలవలో నాకు ఈత నేర్పాడు. నేను తవ్వను మాస్టారూ.”

“అయితే కాయ నీ నెత్తిన ఆరబొయ్యమంటావంట్రా?” అన్నాడు ప్రసన్నకుమార్.

జొన్న కోసిన నా చేను ఖాళీగా ఉన్నదని చెప్పాను.

“నల్లరేగడండీ. చెమ్మ లాగదూ?”

“కింద టార్పాలిన్ పట్టాలు పరవండి.”

అతను సణుగుతూనే లేచాడు. మబ్బు కదలలేదు. తీర్మానాన్ని కొట్టివేశాను. హాజరుపట్టీలో నా పేరుకు పైన ‘చెంచమ్మ గారు’ అని రాశాను. చివర ఈ వాక్యం చేర్చి సంతకం చేశాను:

‘అధ్యక్షునికి తెలియని పోలయ్య గారి పేరును ఈ దిబ్బ మీద పలికి, యంత్రాన్ని ఆపిన షేక్ సిలార్ గారి చర్యను ఈ సభ కృతజ్ఞతాపూర్వకంగా నమోదు చేయుచున్నది.’