గుంట మల్లన్న బిరడా

నేను ఒక బిరడాని. నవ్వకండి. సీసా మూతికి పెట్టేది కాదు, దేవుడి పాదాల దగ్గర నీళ్ళు పోయే తూముకు పెట్టే బిరడాని. పొడవు మూరెడు, లావు మనిషి తొడంత. నల్లతుమ్మ చేవతో చేశారు. నన్ను చెక్కిన వడ్రంగి పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. నాకు వెండి తొడుగు వేయించిన ఆయన పేరు మాత్రం నా నెత్తి మీదే చెక్కి ఉంది. మనుషుల తీరు అంతే.

మా ఊరు నేలగుడిపాడు. వేరే ఊళ్ళలో దేవుణ్ణి చూడాలంటే మెట్లెక్కుతారు, మా దగ్గర దిగుతారు. గుట్ట వాలున ఉన్న పాతకాలపు గుడి అది. గర్భగుడి అంటే మనిషి నిలువునా మునిగేంత రాతి గుంట. దాని అడుగున శివలింగం. అందుకే ఆయన్ని గుంట మల్లన్న అంటారు. అభిషేకం నీళ్ళు పానవట్టం పక్కనున్న తూములో పడి, గుట్ట కింద నుంచి పోయి, ఆవలి వాలులో తేలతాయి.

వానలు ముఖం చాటేసిన ఏడు ఆ తూముకు నన్ను బిగిస్తారు. ఊరంతా బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి గుంట నింపుతారు. మల్లన్న నిలువునా మునిగిపోవాలి. ఊపిరాడక ఆయనే వాన పంపిస్తాడని నమ్మకం. అడిగితే ఇవ్వని దేవుడి పీక నొక్కి ఇప్పించుకోవడమన్న మాట. ఇదేం భక్తిరా నాయనా అని మొదట్లో నేను చాలా ఆలోచించాను. తర్వాత మానేశాను. చెప్పకూడదు గానీ, ఎక్కువసార్లు వాన పడేది.

ఆ ఆచారానికి రెండో సగం ఒకటి ఉంది. మొదటి చినుకు పడగానే తూము తెరవాలి. వాన ఇచ్చిన దేవుణ్ణి ఇంకా ముంచి ఉంచడం మహాపాపం. అందుకని నా తలలో ఒక బొక్క తొలిచారు. దాంట్లోంచి లావుపాటి నార తాడు కట్టేవారు. తాడు కొస గుంట గట్టు మీద తరతరాలుగా ఒకే ఇంటి ఆడమనిషి చేతిలో ఉండేది. అత్త తర్వాత కోడలు పట్టేది. ‘చినుకు’ అన్న కేక వినపడగానే ఆమె మొదట చెయ్యి వేసేది, వెనక మగవాళ్ళు అందుకుని లాగేవారు. అంత నీటి బరువు నా నెత్తిన ఉంటుంది కదా, పైగా నానితే నేను ఉబ్బుతాను. ఒకరి వల్ల అయ్యే పని కాదు. అందరూ కలిసి గుంజితే బుడుంగుమని ఊడొచ్చేవాణ్ణి. మల్లన్న మొహం మళ్ళీ బయటపడేది. ఆ క్షణం నాకు ఎంత ఇష్టమో!

ఈ కాలంలో ఆ తాడు గురవమ్మది. అర్చకుడు విరూపాక్షం. బక్కపలచటి మనిషి, ఎవరికీ ఎదురు చెప్పలేడు. నన్ను గుడి మూలన ఒక తొట్టిలో పెట్టి, అప్పుడప్పుడు ఆముదం రాసేవాడు. రాస్తూ, “ఏరా నల్లోడా, ఒళ్ళు పగిలిందా?” అని పలకరించేవాడు. ఊళ్ళో నాతో మాట్లాడిన మనిషి ఆయనొక్కడే.

రాళ్ళ క్వారీ యజమాని అంకినీడు గారి భార్యకు పెద్ద జబ్బు చేసి తగ్గింది. ఆయన మల్లన్నకు వెండి మొక్కుకున్నాడు. లింగానికి అప్పటికే తొడుగుంది, గడపకూ ఉంది. వెతగ్గా వెతగ్గా నేను కనపడ్డాను. మొక్కు దొంగమొక్కు కాదు, ఆయన కళ్ళనీళ్ళు నేను చూశాను. కంసాలి నన్ను ఒళ్ళో పెట్టుకుని, “తలకాయలో బొక్క ఉందండి. వదిలెయ్యమంటారా?” అని అడిగాడు.

“దేవుడికిచ్చే వెండికి బొక్కేందయ్యా, అపశకునం! నున్నగా మూసెయ్,” అన్నాడు అంకినీడు.

మూసేశారు. కింద కట్టెను వదిలేసి, తలంతా గుండ్రంగా, అద్దంలా మెరిసేట్టు సానబెట్టారు. తొట్టి పోయి అద్దాల పెట్టె వచ్చింది, ట్యూబులైటు వచ్చింది. జనం నాకు దణ్ణాలు పెట్టడం, నా పక్కన ఫోటోలు దిగడం మొదలుపెట్టారు. నాకు మాత్రం ఆ రోజు నుంచే భయం పట్టుకుంది. ఎవరికి చెప్పుకోను?

రెండేళ్ళు వానలు పడ్డాయి. మూడో ఏడు మబ్బు జాడ లేదు. గుంట నింపాలని పెద్దలు నిర్ణయించారు. ఆ ఉదయం గురవమ్మ పసుపు రాసిన తాడు భుజాన వేసుకుని వచ్చింది. నా తల చూసి, చుట్టూ తడిమింది.

“సామీ, తాడు ఏడ కట్టాల?”

విరూపాక్షం అంకినీడు వైపు చూశాడు. అంకినీడు నవ్వి, “ఎందుకమ్మా ఆ నార తాడు? వెండికి గీతలు పడతయ్. నీకు పెట్టాల్సిన చీరెకూ మర్యాదకూ ఏం లోటు రానీను,” అన్నాడు.

“చీరె కోసం కాదు నాయనా. మా అత్త పట్టింది, వాళ్ళత్త పట్టింది. నా కాడికొచ్చేసరికి తాడు లేదంటే మా ఇంటి పరువేం కావాల?”

దాని మీద పెద్ద చర్చే జరిగింది. చివరికి ఆమెకు బొట్టు పెట్టి, అంచు చీరె పెట్టి, గట్టు మీద కుర్చీ వేశారు. తాడుకు హారతిచ్చి, దండలా నా అద్దాల పెట్టెకు వేలాడదీశారు. పరువు సమస్య తీరింది. అసలు ఆ తాడు దేనికో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. విరూపాక్షానికి మాత్రం మనసులో మెదిలినట్టుంది.

“మరి తీసేదెట్లా అండీ?” అన్నాడు. అంకినీడు మొహం ముడుచుకోవడం చూసి వెంటనే తనే సర్దేశాడు. “నేను మునిగి తీస్తాలెండి. ఎంత లోతని.”

నన్ను తూముకు బిగిస్తూ, “ఏరా నల్లోడా, పెళ్ళికొడుకులా ఉన్నావే,” అని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

బావుల అడుగు గీకి తెచ్చిన నీళ్ళు ఎర్రగా, బురద వాసనతో నా నెత్తిన పడుతున్నాయి. పానవట్టం మునిగింది. విభూతి రేఖలు మునిగాయి. మల్లన్న మునిగాడు. నేను నానుతున్నాను, ఉబ్బుతున్నాను, తూము రాతిని కరుచుకుంటున్నాను. ఆగమంటే నా కట్టె నా మాట వినదు. మధ్యాహ్నానికి పైన వెలుతురు తగ్గింది. ఎక్కడో ఉరిమింది. “చినుకు!” అని కేక.

ఇంక చూడండి, జనమంతా బయటికి పరుగు. డప్పులు, ఈలలు, అరుపులు. అంకినీడు గారు వానలో చేతులు చాచి ఏడుస్తున్నారట. లోపల మిగిలింది గట్టు మీద గురవమ్మ, నీళ్ళలోకి దిగుతున్న విరూపాక్షం.

మొదటిసారి ఆయన చేతులు నా తల మీద పడి జారిపోయాయి. పైకి వెళ్ళి ఊపిరి తీసుకున్నాడు. “స్వామికి ఊపిరాడటం లేదు గురవమ్మా, ఇంకోసారి,” అంటున్నాడు. రెండోసారి పాదం రాతికి తన్నిపెట్టి, గోళ్ళు గుచ్చి లాగాడు. వెండి మీద గోరు దిగుతుందా? నున్నటి బంతిలా జారిపోతున్నాను. ఈలోగా గుట్ట మీది వాననీరు మెట్ల మీదుగా గుంటలోకి దూకింది. దీపం ఆరిపోయింది. “వద్దు సామీ, పైకి రా!” అని గురవమ్మ అరుస్తోంది. ఆయన మూడోసారి దిగాడు.

చేతులు నా తలను పట్టుకున్నాయి, గట్టిగా. తర్వాత లాగడం ఆగింది. అరచేతులు మాత్రం కాసేపు అలాగే ఉన్నాయి, ఆముదం రాసేటప్పుడు ఉన్నట్టు.

గురవమ్మ అరుపులు డప్పుల్లో ఎవరికీ వినపడలేదు. ఆమె చేతుల్లో పట్టుకు లాగడానికి ఏమీ లేదు.

మోటారు పెట్టి నీళ్ళు తోడి ఆయన్ని బయటికి తీశారు. నా వెండి మీద ఒక్క గీత పడలేదు. ఆ ఏడు పంటలు బాగా పండాయి కాబట్టి తప్పు ఎవరిదీ కాకుండా పోయింది. స్వామి తనలో కలుపుకున్నాడన్నారు. అంకినీడు గారు నిజంగానే కుమిలిపోయి, విరూపాక్షం ఇంటికి చేయగలిగిందంతా చేశారు. గుడి గోడ మీద కొత్తగా రంగులతో రాయించారు: ‘వాన దిగిన వేళ అర్చకుడు స్వయంగా మునిగి తూము తెరవడం ఈ క్షేత్రంలో అనాదిగా వస్తున్న ఆచారం.’ అనాదిగా అట! ఆ అక్షరాల రంగు వాసన ఇంకా పోలేదు.

ఈ ఏడు మళ్ళీ మబ్బు లేదు. విరూపాక్షం తమ్ముడు కోటిలింగం ఇప్పుడు అర్చకుడు. వారం నుంచి పొద్దున్నే నా పెట్టె ముందు నిలబడి, ముక్కు మూసుకుని ఊపిరి బిగబట్టడం అలవాటు చేసుకుంటున్నాడు. నిన్న రొప్పుతూ అద్దానికి చెయ్యి ఆనించి, “ఏరా నల్లోడా, నన్నన్నా వదుల్తావా?” అన్నాడు.

నా మాట వీళ్ళకు వినపడదు. మీరు వింటున్నారు కాబట్టి అడుగుతున్నాను. ఎప్పుడైనా మా గుడికి వస్తే దణ్ణం పెట్టకండి. ఇనప మేకు ఒకటి తెచ్చి నా నెత్తిన దిగ్గొట్టండి. వెండి కింద ఆ బొక్క ఇంకా అలాగే ఉంది. తాడు నాకు జానెడు దూరంలో, పెట్టెకు దండలా వేలాడుతోంది.