సహరీలో తన పళ్లెం

"ఇంకో రెండు రొట్టెలు కాల్చు, జల్దీ! సైరను కొడతరు," అన్నాడు లాల్‌మియా, పళ్లెంలోంచి తలెత్తకుండానే. హలీమా కాల్చింది. భర్త, ఇద్దరు మరుదులు తిని లేచేసరికి మేడ్చల్ మసీదులో తిండి ఆపమనే సైరను మోగబోతోంది. పొయ్యి దగ్గర నిలబడే రెండు గుక్కల నీళ్లు తాగి ఆ రోజు రోజా ఉపవాసం మొదలుపెట్టింది. పెళ్లయి వచ్చిన ఏటినుంచీ, తెల్లారకముందు తినే సహరీ ఆమెకు అంతే.

పుట్టింట్లో రోజా ఇట్లా ఉండేది కాదు. శామీర్‌పేటలో, చెరువు గాలి నేరుగా లోపలికొచ్చే ఆ చిన్నింట్లో, దూదేకే బాపు అందరికన్నా ముందు లేచి పొయ్యి రాజేసేవాడు. అమ్మ జొన్నరొట్టెలు తట్టేది. అవన్నీ అయ్యాక అందరూ ఒకేసారి కూర్చునేవాళ్లు. "ఇంకింత పెరుగేస్కో బిడ్డ. నీ గొంతెండితే అల్లాకేం సంతోషం?" అనేవాడు బాపు. హలీమా మొదటి ఒక్కపొద్దు నాడు ఆమె మెడలో మల్లెదండ వేసి వాడంతా తిప్పారు. మధ్యాహ్నానికి ఆకలి తనంతట తానే సద్దుమణిగింది. సాయంత్రానికి ఒళ్లు బాపు ఏకిన దూదంత తేలికైంది. ఖర్జూరం నోట్లో పెట్టుకున్నప్పటి ఆ తీపి మళ్లీ ఎన్నడూ దొరకలేదనుకుంటుంది హలీమా.

ఇక్కడ రోజా ఉంటూనే బోరింగు నీళ్లు మోయాలి, బట్టలుతకాలి, పొద్దుగూకాక రోజా విడిచే ఇఫ్తారుకు శనగలు ఉడకబెట్టి బజ్జీలు వేయాలి. లాల్‌మియా సహరీకి కడుపునిండా తిని, పొద్దెక్కాక వెల్డింగు షాపులో చాయ్ తాగేవాడు. "మంటకాడ నిలబడేటోనికి ఒక్కపొద్దు ఏడ సాధ్యమైతది?" అనేవాడు. పొయ్యిది మంట కాదా అని ఆమె అడగలేదు. బయటున్న రోజుల్లో రోజా ఉండకూడదు గదా, అప్పుడు కూడా సద్దన్నం తలుపు చాటున తినాలి. "మొగోళ్ల కంటబడకు," అనేది అత్త మౌలాబీ. తప్పిన ఆ రోజాలను రంజాన్ దాటాక ఒంటరిగా తీర్చుకునేది. అప్పుడు ఆమె కోసం ఎవరూ సహరీకి లేచేవాళ్లు కాదు.

ఆ ఏడు రంజాన్ నెలలో హలీమాకు మూత్రంలో మంట మొదలైంది. నడుము పక్కన పొడిచినట్టు నొప్పి. ఎవరికి చెప్పుకోవాలి? ఒకరోజు బకెట్‌తో వస్తూ వాకిట్లోనే కూలబడింది. "మేం కడుపుతోని ఉండి గూడ ఒక్కటి ఇడువలే. గిప్పటి పోరిలకు ఒంట్ల సత్తువ లేదు," అంది మౌలాబీ, ఆమె మొహాన నీళ్లు చల్లుతూనే.

లాల్‌మియా దవాఖానకు తీసుకుపోయాడు. "రోజాలు ఇడవాల్నా?" అని అతనే అడిగాడు.

"నొప్పి తగ్గేదాక విడవాల్సిందే. మందులేసుకుని నీళ్లు బాగా తాగాలి. ఆ తర్వాత ఓపికుంటే ఉండొచ్చు," అని డాక్టరమ్మ హలీమా వైపు తిరిగింది. "సహరీలో ఏం తింటావమ్మా?"

"అందరితోపాటే తింటది," అన్నాడు లాల్‌మియా. ఆ మాటకు హలీమా తలెత్తి అతన్ని చూసింది. అబద్ధమాడుతున్నట్టు లేదు. ఇన్నేళ్లూ ఆమె ముందు పళ్లెం ఉందో లేదో అతను చూడనే లేదు. తన ఒంటిని ఎండగట్టింది రోజా కాదని ఆమెకు అక్కడే, ఆ దవాఖాన బల్లమీదే తెలిసింది.

మందులేసుకున్నన్నాళ్లూ వంటింట్లో తలుపు తీసిపెట్టే తిన్నది. నొప్పి పోయాక, మిగిలిన రోజాలు ఉంటానని తనే చెప్పింది. మొదటి సహరీకి రొట్టెలన్నీ ఒకేసారి కాల్చి తెచ్చి, గిన్నెలు మధ్యలో పెట్టి, మగవాళ్ల పక్కనే తన పళ్లెం పెట్టుకుని కూర్చుంది.

"పెరుగేది?" అన్నాడు లాల్‌మియా.

"ఉట్టి మీదుంది. తీస్కోండ్రి."

అతను తల్లి వైపు చూశాడు. గడప దగ్గర నిలబడ్డ మౌలాబీ కోడల్ని తేరిపార చూసింది. హలీమా ముద్ద మింగి, వచ్చే మాట కోసం గుండె దిటవు చేసుకుంది. ముసలామె మోకాళ్లు పట్టుకుని మెల్లగా వచ్చి, కోడలి పక్కన చతికిలబడింది.

"నాకూ ఓ పళ్లెం పెట్టు బిడ్డ. గీ ఇంటికొచ్చిన కాంచి నేను సహరీ కూసొని తిననే లేదు."