శనివారం మధ్యాహ్నాలు

గేటు మీద ఎవరో తారుతో రాసిన మాట కిరసనాయిలు పోసి రుద్దినా పూర్తిగా పోలేదు. మొదటి రెండక్షరాలు చెరిగాయి. మిగిలిన రెండూ ఎండకి ఇంకా నల్లగా మెరుస్తున్నాయి. అక్క జాకెట్టు చేతులు పైకి మడుచుకుని, ఇనుప పీచు తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. వేళ్ళ చివర్లు ఒరుసుకుపోయి భగ్గుమంటున్నాయి. లోపల తమ్ముడు గది తలుపేసుకుని పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

ఊళ్ళో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఫాదర్ గారి అక్క కాబట్టి అందరికీ అక్కే. చంటిపిల్లల తల్లులకీ అక్కే, కర్ర పట్టుకుని నడిచే ముసలాళ్ళకీ అక్కే. మొన్నటిదాకా ఆమె వీధిలోకి వస్తే కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. ఇవాళ కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉండి తలలు తిప్పుకుంటున్నారు.

చర్చికి ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే కొట్టుంది. కొట్టువాడు ట్యూబుని నీళ్ళలో ముంచి బుడగల కోసం చూస్తూ, పక్క సెలూన్ అతనితో మాట్లాడుతున్నాడు.

"పెళ్ళీ పెటాకులూ వద్దని కట్టడి పెడితే ఇలాగే ఉంటుంది మరి. ఉప్పూ కారం తినే ఒళ్ళేగా వాళ్ళదీ!"

"పెళ్ళాలున్నవాళ్ళంతా బుద్ధిమంతులేంటి? నా కుర్చీలో కూర్చుని గడ్డం గీయించుకునేవాళ్ళ సంగతులు చెప్పమంటావా?"

"అది కాదెహె, మనిషన్నాక ఒక తోడంటూ..."

గేటు దగ్గర అక్కని చూసి ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. కొట్టువాడు అవసరం లేకపోయినా ట్యూబుని ఇంకోసారి ముంచాడు.

రెండు రోజుల కిందట గంటమ్మ పోలీసు స్టేషన్ మెట్లెక్కింది. గంటమ్మంటే చర్చి ఊడ్చి, తుడిచి, పూటపూటకీ గంట తాడు లాగే మనిషి. ఆమె కూతురికి పద్నాలుగేళ్ళు. గొంతు బాగుంటుందని ఫాదర్ ఆ పిల్లని పాటల బృందంలో చేర్చుకున్నాడు. శనివారం మధ్యాహ్నాలు తన ఆఫీసు గదిలో హార్మోనియం నేర్పుతానన్నాడు. కూలిపని చేసుకునేదాని బిడ్డకి అంత భాగ్యమా అని గంటమ్మ పొంగిపోయింది. నాలుగు నెలలు తిరక్కుండా పిల్ల పాట మానేసింది, తిండి మానేసింది, ఒంటరిగా బయటికి వెళ్ళడం మానేసింది. తలుపేసిన ఆ గదిలో ఫాదర్ తనని ఏం చేశాడో ముందు తల్లికి చెప్పింది. తర్వాత స్టేషన్లో ఒక ఆడ పోలీసుకి చెప్పింది. మూడో మనిషికి చెప్పే ఓపిక లేక మూగదైపోయింది.

అక్క ఆ మాట నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? వాడికి ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. ఈమెకి పదిహేడు. బట్టలు కుట్టి వాణ్ణి పెంచింది. ఒక వడ్రంగి రెండుసార్లు కబురు పంపాడు. తమ్ముణ్ణి కూడా తనతో రానిస్తే చేసుకుంటానంది. మూడోసారి కబురు రాలేదు. తమ్ముడు సెమినరీకి వెళ్ళి, గురుపట్టం పుచ్చుకుని, తెల్లటి అంగీలో బయటికి వచ్చిన రోజున అందరితో పాటు తనూ మోకరించి వాడి చేతులు ముద్దు పెట్టుకుంది. ఆ రోజు నుంచి 'ఒరే' అనడం మానేసింది. ఇంట్లో కూడా 'ఫాదర్' అనే పిలిచేది. వాణ్ణి ఏ ఊరు వేస్తే ఆ ఊరు వెంట వెళ్ళి వండి పెట్టింది, ఉతికి పెట్టింది. అక్కకి జీతమేమిటని ఎవరూ ఇవ్వలేదు, ఈమె అడగలేదు.

అక్షరాలు మరకగా మారేసరికి బిషప్ గారింటి కారు వచ్చి గేటు ముందు ఆగింది. కార్యదర్శి ఫాదర్ దిగాడు. నలభై దాటని మనిషి, మెత్తగా మాట్లాడతాడు. తడిసిన గేటుని చూసీ చూడనట్టు దాటి, వరండాలో కుర్చీ తనే లాక్కుని కూర్చున్నాడు.

"రేపు మీ వాంగ్మూలం తీసుకుంటారమ్మా. పెద్దగా ఏం లేదు, రెండు ముక్కలు. శనివారం మధ్యాహ్నాలు మీరు ఇంట్లోనే ఉంటారని, పాట నేర్పేటప్పుడు ఆఫీసు గది తలుపు తీసే ఉంటుందని చెబితే చాలు."

"శనివారం మధ్యాహ్నం నేను ఇంట్లో ఉండను ఫాదర్. వృద్ధాశ్రమానికి అన్నం పట్టుకెళ్తాను. మళ్ళీ సాయంత్రం ప్రార్థనకి గానీ రాను."

"అది ఎవరికి తెలుసు?"

"అక్కడి ముసలాళ్ళకి తెలుసు."

ఆయన చిన్నగా నవ్వాడు. "వాళ్ళకి ఏ రోజు ఏ వారమో గుర్తుంటుందామ్మా?"

"అన్నం వచ్చే వారం గుర్తుంటుంది," అంది అక్క. వాదించాలని కాదు. ఉన్నమాటే అంది.

కార్యదర్శి ఫాదర్ కుర్చీ ముందుకి జరిపాడు. "తప్పేమీ జరగలేదని నేననను. మనిషి బలహీనుడు. బ్రహ్మచర్యమంటే కత్తి మీద సాము. కాలు జారినవాణ్ణి బజారుకీడిస్తే రేపు ఏ తల్లి తన కొడుకుని మాకిస్తుంది? ఆయన్ని దూరంగా పంపించేస్తాం. కొన్నాళ్ళు ధ్యానంలో ఉంటారు. తర్వాత ఇంకో ఊళ్ళో చర్చి చూస్తాం. మీకు సిస్టర్ల మఠంలో ఒక గది రాసిస్తామన్నారు బిషప్ గారు. చివరిదాకా మీదే. ఈ ఇల్లయితే కొత్తగా వచ్చే ఫాదర్‌కి ఖాళీ చేయాల్సిందే కదా."

చెప్పాల్సింది చెప్పి, రేపు పొద్దున కారు పంపుతానని వెళ్ళిపోయాడు.

అక్క వరండా మెట్టు మీద కూర్చుంది. 'దూరంగా పంపించేస్తాం' అన్న మాట చెవిలో ముల్లులా దిగింది. ఈ ఊరితో కలిపి ఇప్పటికి అయిదు ఊళ్ళు తిరిగారు. ప్రతిసారీ తమ్ముడు సాయంత్రం వచ్చి సామాను సర్దమనేవాడు. "ఏం చేస్తామక్కా, మంచివాణ్ణి కదా, ప్రతి ఊరివాళ్ళూ నేనే కావాలంటారు," అని నవ్వేవాడు. ఈమె కూడా నవ్వుతూనే గిన్నెలు గోనెసంచిలో వేసేది. మూడో ఊరి నుంచి వచ్చేటప్పుడు సాగనంపడానికి ఒక్క మనిషి రాలేదు. వానకి రాలేదనుకుంది. ఆ రోజు వాన పడిందా? ఎంత తవ్వుకున్నా వాన గుర్తుకు రాలేదు.

మరి ఈ వృద్ధాశ్రమం పని ఎవరు పెట్టారు? వాడే. "నీ చేతి వంటంటే వాళ్ళకి ప్రాణమక్కా, శనివారం నువ్వు రాకపోతే బెంగపెట్టుకుంటారు," అని క్యారేజీ తనే చేతికందించి గేటు దాకా వచ్చి గొళ్ళెం వేసుకునేవాడు. తమ్ముడిది ఎంత దయగల గుండె అని దారంతా మురిసిపోయేది ఈమె.

చేతులు కూడా కడుక్కోకుండా లేచి గంటమ్మ ఇంటికి బయల్దేరింది.

గంటమ్మది ఒకటే గది. తలుపు తీసి అక్కని చూసి, లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆమెని పనిలోంచి తీసేశారు. వీధిలో ఆడవాళ్ళు ఆమె బిందె పెడితే కుళాయి దగ్గర నుంచి తమ బిందెలు తీసేస్తున్నారు. ఎవరో కిటికీ మీద రాయి విసిరారు. పగిలిన చోట అట్టముక్క అంటించి ఉంది.

"కేసు వెనక్కి తీసుకోమని చెప్పడానికి వచ్చావా అక్కా?"

"కాదమ్మా."

"అయితే తిట్టడానికా? తిట్టి పో. తిట్టాల్సినవాళ్ళలో నువ్వొక్కదానివే బాకీ."

అప్పుడే చర్చి గంట మోగింది. రెండు దెబ్బలు దగ్గరదగ్గరగా, మూడోది ఎక్కడో ఆలస్యంగా. గంటమ్మ మొహం చిట్లించింది. "ఎవడికప్పగించారో! తాడు పట్టుకోవడం కూడా రాని వెధవ," అని, అంతలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

పిల్ల మూలన మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. అక్క వెళ్ళి కాస్త దూరంగా నేలమీద కూర్చుంది. ఏమడగాలో తెలియలేదు. అడిగే మొహం తనకుందా అన్నదీ తెలియలేదు. పిల్లే మాట్లాడింది, గోడతో మాట్లాడినట్టు.

"శనివారం మీరెందుకు వెళ్ళిపోయేవాళ్ళు పెద్దమ్మా?"

అక్క తల దించుకుంది.

"లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర మీ చెప్పులున్నాయేమో చూసేదాన్ని. ఈ వారమైనా ఉంటాయేమో అనుకునేదాన్ని."

అంతే అంది. అక్క చెయ్యి చాచబోయి, తారు అంటిన తన వేళ్ళు చూసుకుని వెనక్కి తీసుకుంది. బయటికి వస్తుంటే గంటమ్మ గుమ్మం దాకా వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు వంటింట్లో ఉన్నాడు. అంగీ లేదు. పాత చొక్కాలో, మాసిన గడ్డంతో, చిన్నప్పుడు జ్వరంలో ఉన్నట్టు పీలగా కనిపించాడు. అలవాటుగా ఆమె చెయ్యి పళ్ళెం మీదికి వెళ్ళింది. పళ్ళెం తియ్యలేదు.

"ఎక్కడికెళ్ళావక్కా?"

"గంటమ్మ ఇంటికి."

వాడు బల్ల మీదికి చూపు దించుకున్నాడు. అబద్ధమని అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. ఆ పూట ఆమె దేవుణ్ణి కోరుకున్నది అదొక్కటే. వాడు అనలేదు.

"నీకు తెలీదక్కా. రాత్రి తలుపేసుకున్నాక ఈ గోడలెలా ఉంటాయో నీకు తెలీదు. ఊరంతా నా చేతులు ముద్దు పెట్టుకుంటుంది, ఒక్కరూ చెయ్యి పట్టుకోరు. నాకూ ఒక పెళ్ళంటూ ఉంటే ఇలా అయ్యేది కాదేమో."

"నాకు పెళ్ళయిందట్రా?"

ఇరవయ్యేళ్ళ తర్వాత ఆమె నోట ఆ 'రా' వచ్చింది. వాడు ఉలిక్కిపడ్డాడు.

"పక్క గదిలోనే కదరా నేనూ పడుకున్నది. అవే గోడలు. నా చెయ్యి ఎవరు పట్టుకున్నారు? నీకు పెళ్ళాం కావాలనుంటే ఆ అంగీ విప్పేసి వచ్చి చెప్పాల్సింది. లోకం ఉమ్మేసినా నేనే సంబంధం వెతికి తెచ్చేదాన్ని. ఈడైనది అయితే కాదంటుంది, నలుగురిలో నిలదీస్తుంది. నువ్వు వెతుక్కున్నది పెళ్ళాన్ని కాదు. కాదనలేని పిల్లని."

వాడు తల పట్టుకున్నాడు.

"మిగతా ఊళ్ళలో కూడానా?" అంది ఆమె.

వాడు పట్టుకున్న తలని ఇంకా కిందికి దించుకున్నాడు. పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి అడుగంటుతున్నా ఇద్దరూ కదల్లేదు.

"బిషప్ గారికి తెలుసా?"

"అన్నీ తెలుసు." వాడి గొంతు బొంగురుపోయింది. "మాలో గుట్టు లేనివాడెవడక్కా? ఒకడికి పక్కూళ్ళో కాపురముంది. ఒకడికి తాగుడు. ఎవడు ఎవడి మీద వేలెత్తినా తన గుట్టు బయటపడుతుంది. అందుకే నన్నూ ఎవరూ ఏమీ అనలేదు. సామాను సర్దుకోమనేవాళ్ళు, అంతే." తలెత్తి, "రేపు ఏం చెబుతావు?" అన్నాడు.

"శనివారం నేనెక్కడున్నానో అది చెబుతాను."

వాడు కుర్చీలోంచి జారి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నన్ను బతికుండగా పూడ్చిపెట్టకక్కా. అమ్మకి మాటిచ్చావు."

అక్క కళ్ళు మూసుకుంది. ఆ తల మీద చెయ్యి వేయకుండా ఉండటానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

"నిన్ను పెంచుతానని మాటిచ్చానురా. దాచిపెడతానని ఇవ్వలేదు."

పొద్దున చెప్పినట్టే కారు వచ్చింది. కార్యదర్శి ఫాదర్ వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. గేటు బయట చర్చి ఆడవాళ్ళు ఓ పాతికమంది చేరి, జపమాలలు పట్టుకుని గట్టిగా ప్రార్థన చేస్తున్నారు. అక్కని చూసి గొంతులు ఇంకా పెంచారు. ఫాదర్‌ని కాపాడే మనిషి బయల్దేరిందని వాళ్ళ ధైర్యం. ఒకామె ముందుకొచ్చి ఆమె చెయ్యి కళ్ళకద్దుకుంది.

"నేను నడిచి వస్తాను," అంది అక్క.

"ఎండమ్మా, దూరం కూడానూ..."

"నడిచే వస్తాను ఫాదర్. మీ కారెక్కితే మీ మాట చెప్పాలి."

కార్యదర్శి ఫాదర్ చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. చెయ్యి కళ్ళకద్దుకున్నామెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, ముట్టుకోరానిదేదో ముట్టుకున్నట్టు తన చేతుల్ని గభాలున వెనక్కి లాక్కుంది. ప్రార్థన మధ్యలో ఆగిపోయింది. అక్క వాళ్ళ మధ్యలోంచి నడిచింది. వెనకనుంచి ఎవరో, "తోడబుట్టినదానివేనా నువ్వు!" అన్నారు. దానికి మాత్రం ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

స్టేషన్లో రాసుకునే పోలీసు కుర్రతనం పోని మనిషి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తూ పోయాడు. శనివారాలు, వృద్ధాశ్రమం, క్యారేజీ, గేటు గొళ్ళెం. అన్నీ అయ్యాక, "ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగాడు. ఆమె ఊపిరి పీల్చుకుని అంతకుముందు తామున్న నాలుగు ఊళ్ళ పేర్లు ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది. కలం ఆగింది. అతను తలెత్తి ఆమెని మొదటిసారి సరిగ్గా చూశాడు. తర్వాత కాగితం తిప్పి అవీ రాసుకున్నాడు.

"సంతకం పెట్టండమ్మా. కోర్టు నుంచి పిలుపొస్తుంది. ఏ అడ్రసుకి పంపాలి?"

అక్క నోరు తెరిచింది. పుట్టినిల్లు ఎప్పుడో అమ్మేశారు. ఆ తర్వాత ఉన్న ఇళ్ళన్నీ చర్చివే. ఈపాటికి తన పెట్టె వరండాలోకి వచ్చి ఉంటుంది.

"ఆ గడి వదిలెయ్యి బాబూ," అంది. "ఎప్పుడు పిలిచినా నేనే వస్తాను."

"వదలడానికి లేదమ్మా. ఏదో ఒకటి రాయాలి."

అతను కలం కాగితానికి ఆనించి ఆమె మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.