ఎంగిలి గాలి

నిరంజన్ రెడ్డి తాతలనాటి అంబాసిడర్ ఏడాదికోసారి మాత్రమే వాకిలి దాటుతుంది. గట్టు దగ్గరి ఆ ఊళ్లో జాతరనాడు అమ్మవారికి గద్వాల పట్టుచీర అందులోనే పోవాలి. మిగతా రోజుల్లో దాని కింద కోళ్లు గుడ్లు పెట్టుకుంటాయి. ఏడాదంతా కదలని బండి, డప్పు మోగిన పొద్దున ఉరకమంటే ఎట్లా ఉరుకుతుంది? ఆ మాట రెడ్డితో చెప్పే మొనగాడు ఊళ్లో లేడు.

అందుకే ఈసారి జాతర పొద్దున ఇస్రాయేలును పిలిపించారు. దళితవాడలో పుట్టి, కర్నూలులో కార్ల పని నేర్చుకుని వచ్చి, రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. షెడ్డు అతనిది, జాగా రెడ్డిది. ఆ జాగా పోతే పెళ్లాం పిల్లలు రోడ్డున పడతారు. అందుకని రెడ్డి పిలిస్తే చేతిలో ముద్ద వదిలేసి వస్తాడు.

బండి స్టార్టవుతోంది, యాక్సిలరేటర్ తొక్కగానే ఆగిపోతోంది. కార్బురేటర్ విప్పి చూస్తే అడుగున జిగురు పేరుకుని, పెట్రోల్ చిమ్మే సన్నటి జెట్టు మూసుకుపోయి ఉంది. గాలి మిషన్ షెడ్డులో ఉంది, ఆ పూట ఊళ్లో కరెంటు లేదు. మెకానిక్కులంతా చేసే పనే అతనూ చేశాడు. జెట్టును పెదాల మధ్య పెట్టుకుని గట్టిగా ఊదాడు. తిరిగి బిగించాక ఇంజిన్ హాయిగా అందుకుంది.

రెడ్డి తల్లి బాలనాగమ్మ అరుగు మీద నుంచి చూడనే చూసింది.

“అమ్మోరి చీర పొయ్యే బండిని ఎంగిలి చేస్తివారా?”

“పెట్రోల్‌తోని అంత కొట్కపోతది అమ్మా.”

“నాకు చెప్పొస్తివా?”

లోపలికి పోయి చెంబుతో పసుపు నీళ్లు తెచ్చింది. కొడుకుతో మూత తీయించి కార్బురేటర్ నోట్లో పోసింది. అట్లా పోస్తే ఏమవుతుందో నిరంజన్‌కు తెలియక కాదు. తల్లికి ఎదురు చెప్పే వయసు అతనికి యాభై దాటినా రాలేదు. బండి దగ్గి దగ్గి చచ్చింది.

“వాని నోరు తగిలింది, బండి మూలకు పడ్డది,” అంది బాలనాగమ్మ. వాకిట్లో జనం అవునవునంటూ తలలూపారు.

నిరంజన్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “ఇయ్యాల బండి కదలకుంటే నీ షెడ్డు ఉండదు.”

ఇస్రాయేలు అంతా మళ్లీ విప్పాడు. నీళ్లు వంచాడు, ప్లగ్గులు తుడిచాడు. జెట్టులో మాత్రం తడి ఇరుక్కుంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని రెడ్డి మొహం చూశాడు.

“మల్ల ఊదాలె పటేలా.”

నిరంజన్ చుట్టూ చూసి, భుజం మీది కండువా విప్పి, పెళ్లిలో అడ్డుతెర పట్టినట్టు పట్టాడు. “జల్ది ఊదు.”

ఊదాడు. బండి లేచింది.

బాలనాగమ్మ చేతులు జోడించింది. “పసుపు నీళ్లకు ఎంగిలి ఎట్ల పోయిందో చూసిండ్రా? గిసొంటోడు మన జాగల ఉండొద్దు బిడ్డా.”

ఒక్క మాట అంటాడేమోనని ఇస్రాయేలు నిరంజన్ వైపు ఆశగా చూశాడు. నిరంజన్ కండువా మడిచి భుజాన వేసుకున్నాడు.

“రేపు పొద్దుగాల షెడ్డు ఇప్పుకపో.”

“ఊదమన్నది నువ్వే గద పటేలా.”

“నేనేం చూడలే.”

చీర పళ్లెం వెనక సీట్లోకి ఎక్కింది. డప్పులు ముందు నడిచాయి. ఇస్రాయేలు నోరంతా పెట్రోల్ మంట. ఆ బండి వాగు దాకా పోయి ఆగిపోవాలని, చీరతో సహా అక్కడే పడి ఉండాలని మనసారా కోరుకున్నాడు. అది ఆగలేదు. దిక్కుమాలిన చేతులు, పని అంత బాగా చేశాయి.