వాడి కార్డు మీద మూడు ఆదివారాలు

"అయిదు నెలల జీతం కాగితాలు సరిగ్గానే ఉన్నాయండి. నాలుగో నెల ఒక్కటే తక్కువుంది" అంది వీసా ఆఫీసు కిటికీ వెనక అమ్మాయి.

మర్యాదగానే చెప్పింది. మర్యాదగా చెప్పేవాళ్ల మీద కోపం తెచ్చుకోవడం కష్టం. అయినా తెచ్చుకున్నాను.

భార్యాబిడ్డల్ని ఇక్కడికి పిలిపించుకోవాలంటే వరసగా ఆరు నెలలు జీతం వాళ్లు గీసిన గీత దాటాలి. నేను ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే లాండ్రీలో పనిచేస్తాను. మామూలు జీతానికి ఆ గీత అందదు. ఆదివారాలు కూడా చేస్తేనే అందుతుంది. తొమ్మిదేళ్లుగా ఫోన్లో కాపురం చేస్తున్నవాణ్ణి, ఆరు నెలలు ఓ లెక్కా అనుకుని ఆ ఆవిరి యంత్రం ముందు నిలబడ్డాను. చేతుల మీద వెంట్రుక మిగల్లేదు. ఎలాగూ వచ్చేస్తున్నాను కదా అని మా అమ్మాయి ఈ ఏడు అక్కడ కాలేజీలో కూడా చేరలేదు.

"అయిదో నెల చూడండమ్మా. అందులో బోలెడు ఎక్కువుంది. అది తీసి ఇందులో వేస్తే సరిపోతుంది కదా."

"ఏ నెలకి ఆ నెలేనండి. మళ్లీ ఆరు నెలలవి తెచ్చి పెట్టుకోండి."

"అప్పటికి మా అమ్మాయికి పద్దెనిమిది నిండిపోతాయి. ఇంకో రెండు నెలలే ఉంది."

ఆమె కాగితం తిరగేసి చూసింది. "పద్దెనిమిది నిండితే పిల్లల కింద లెక్క రాదండి. మీ భార్యకి మాత్రమే వస్తుంది" అని నా వెనకాయన్ని పిలిచింది.

అసలు సంగతి ఆ అమ్మాయికి చెప్పలేదు. చెప్పే వీలు లేదు. మా లాండ్రీలో పనివాళ్లం మాకు మేమే పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. ఎవరైనా మంచాన పడితే మిగతావాళ్లు గేటు దగ్గర గడియారం మిషన్లో వాడి హాజరు కార్డు గుద్ది వాడి పని చేస్తారు. లేచాక వాడు మన కార్డు మీద అన్ని గంటలూ చేసి తీరుస్తాడు. యజమానికి తెలియదు. నాలుగో నెలలో, నాతో పాటు దుప్పటి రెండో కొస పట్టుకునే బక్కోడికి నడుం పట్టేసింది. సెలవు పెడితే జీతం రాదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. మూడు వారాలు లేవలేదు. వాడి పని తలా కాస్త పంచుకుంటే, ఆదివారాలు నా వంతుకొచ్చాయి. మూడు ఆదివారాలు నా కార్డు జేబులో ఉంచుకుని వాడిది గుద్దాను. అయిదో నెలలో వాడు రోజూ సాయంత్రం నా కార్డు గుద్ది పనిచేసి మొత్తం తీర్చేశాడు.

మా లెక్కలో గంటకి గంట చెల్లు. కాగితానికి ఏ నెల లెక్క ఆ నెలదేనని నా మట్టిబుర్రకి తట్టలేదు. పైగా అప్పుడు పరోపకారి పాపన్నలా గర్వంగా తిరిగాను కూడా.

మర్నాడు చెబితే బక్కోడి మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"అన్నా, నేనే వెళ్లి యజమానికి చెప్పేస్తా. ఆ ఆదివారాలు చేసింది నువ్వేనని రాసిమ్మంటా."

"రాసిస్తారు. ఆ చేత్తోనే ఇద్దరి పేర్లూ కొట్టేస్తారు. ఉద్యోగం లేనోడికి వీసా ఎవడిస్తాడ్రా?"

"మరి పాప?"

దుప్పటి లాగమన్నాను. లాగాడు. నిజం చెప్పాలంటే ఆ రోజంతా వాడి మొహం చూడబుద్ధి కాలేదు. పాపం, వాడి తప్పేమీ లేదు. ఉండి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. అమ్మాయే తీసింది. ఇంకా చూస్తున్నారట అని అబద్ధమాడదామనుకున్నాను గానీ నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అమ్మకొస్తుందా?"

"వస్తుంది."

"నాకు?"

"రాదమ్మా."

తర్వాత మెల్లగా అడిగింది.

"బక్క బాబాయి పిల్లలు ఎక్కడుంటారు నాన్నా?"

"ఇక్కడే."

"వాళ్ల నాన్నతోనే?"

"ఆఁ."

"సరే" అని ఫోన్ వాళ్లమ్మకిచ్చేసింది.